ఎండలో ఉడికిన క్యాన్ తాగి ఐపీఏ మీద తీర్పు చెప్పకండి

"ఐపీఏ అనే బీరు మామూలు బీరుకన్నా చేదు, ధరా ఎక్కువే. అంత పెట్టి తాగడానికి అందులో ఏముంది?" అని అడిగారు. చాలా ఉంది. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ అనే పూలు దండిగా వేసి చేసే బీరు. కాకపోతే మీరు తాగింది ఎక్కడ కొన్నారు, ఎప్పుడు తయారైంది అన్నది ముందు తేలాలి. మా వైపు ఐపీఏని తిట్టేవాళ్లలో నూటికి తొంభైమంది తాగింది ప్రాణం పోయిన ఐపీఏనే.

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌షా. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. నా ఉద్యోగం పుణేలో. మా మేనమామ బొగ్గు గనిలో చేసి రిటైరయ్యాడు, సాయంత్రం ఒక్క బీరు తాగి పడుకునే మనిషి. మా జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం, పెట్టారు, 2021లో ఎత్తేశారు. పక్కన గడ్చిరోలిలో 1993 నుంచీ బందే. ఆ ఆరేళ్లలో తాగుడు మానినవాళ్లు నాకైతే కనబడలేదు. దొంగసరుకు మాత్రం ఇంటి గుమ్మం దాకా వచ్చేది. పోయిందల్లా రుచి అడిగే అలవాటు. దొరికిందే తాగాలి, అది ఎంత స్ట్రాంగ్ అయితే అంత మంచిది! ఇప్పటికీ మా ఊరి కౌంటర్ల దగ్గర "స్ట్రాంగ్ ఉందా" తప్ప ఇంకో ప్రశ్న వినబడదు. నాకు దీని మీద చాలా కోపం.

బందీ పోయాక ఒక మే నెలలో మామ ఎక్కడో ఐపీఏ క్యాన్ చూసి, పేరు కొత్తగా ఉందని కొన్నాడు. చంద్రపూర్ మే నెల సంగతి తెలిసిందే, 45 డిగ్రీలు దాటడం మామూలు. ఆ పెట్టె లారీలో ఎన్నాళ్లుందో, గోడౌన్‌లో ఎన్నాళ్లు ఉడికిందో! ఫోన్లో నామీద విరుచుకుపడ్డాడు. "పైసలు పెట్టి చేదు కొనుక్కున్నట్టయింది రా. మీ పుణేల గిదేనా తాగేది?"

దసరా వెళ్లాక మామ పుణే వచ్చాడు. ముంఢ్వా వైపు ఒక బ్రూవరీకి తీసుకెళ్లాను. 2009లో డూలాలీ అనే బ్రూవరీ మొదలైన ఊరు కదా, ఇక్కడ మైక్రోబ్రూవరీలకు, అంటే అక్కడే బీరు చేసి అక్కడే పోసే చోట్లకు, కొదవ లేదు. జనం లేని వేళ కావడంతో బీరు తయారుచేసే కుర్రాడు మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. ఒక సంచీలోంచి ఆకుపచ్చ గుళికలు నాలుగు తీసి మామ చేతిలో పెట్టి నలపమన్నాడు. అవే హాప్స్, ఒక తీగకు కాసే పూలను ఎండబెట్టి, పొడిచేసి, గుళికలుగా నొక్కినవి. మామ నలిపాడు, అరచేతులు జిగటయ్యాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు దించలేదు. "బత్తాయి తొక్క వాసనొస్తుంది," అన్నాడు.

కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. బార్లీ రసం మరగడం మొదలవగానే వేసిన హాప్స్ చేదునిస్తాయి, ఎందుకంటే అందులోని ఆల్ఫా ఆమ్లాలు ఆ వేడికి మారితేనే చేదు దిగుతుంది. కానీ అదే వేడికి సువాసన నూనెలు ఆవిరైపోతాయి. అందుకే స్టౌ ఆపేముందు కొంత, పులిసిన తర్వాత చల్లటి ట్యాంకులో ఇంకొంత వేస్తారు. ఈ రెండో పనిని డ్రై హాపింగ్ అంటారు. అంతటా దొరికే మామూలు బీరు, అంటే లాగర్‌లో చేదు పదీ ఇరవై యూనిట్లుంటే, అమెరికన్ తరహా ఐపీఏలో నలభై నుంచి డెబ్భై దాకా ఉంటుంది. ఆ చేదును నిలబెట్టేది పైనున్న వాసనే.

గ్లాసు వచ్చింది. మామ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు, పక్కన పెట్టాడు. మళ్లీ అరచేయి వాసన చూసుకున్నాడు, గ్లాసు వాసన చూశాడు. రెండో గుక్క మెల్లగా తాగాడు. కాసేపటికి నిజంగా బాధతో అడిగాడు: "మరి ఆ రోజు నాకు అమ్మిందేంది రా?"

ఎండకు, గాలికి ముందు పోయేది ఆ సువాసనే. చేదు మాత్రం చాలావరకు మిగిలిపోతుంది, దానికి తడిసిన అట్ట రుచి తోడవుతుంది. ఆకుపచ్చ సీసా మీద ఎండ పడితే ఇంకా ఘోరం, హాప్స్ చేదే విరిగి కంపు కొడుతుంది. మామ అత్తవారిది సిరొంచ వైపు, కల్లు సంగతి ఆయనకు చెప్పక్కర్లేదు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఇంకో సరుకు. ఐపీఏ కూడా అంతే, దాని గడువు గంటల్లో కాక వారాల్లో ఉంటుంది, అంతే తేడా.

"ఓడలో ఇండియాకు వచ్చేదాకా పాడవకుండా కనిపెట్టిన బీరు గదా, దీనికేమవుతుంది" అని ఒక వాదన ఎప్పుడూ వినబడుతుంది. ఆ కథ సగమే నిజం. హాప్స్ బీరును పాడుచేసే సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి, అది నిజం. కానీ అప్పట్లో పోర్టర్ అనే నల్లటి బీరు కూడా ఓడల్లో ఇక్కడికొచ్చి బాగానే అమ్ముడుపోయింది. లండన్‌లో హాడ్జ్‌సన్ బ్రూవరీ వాళ్ల లేత రంగు బీరు ఇక్కడ పాతుకుపోయిందంటే, వాళ్లు రేవుకు దగ్గర్లో ఉండి ఓడ కెప్టెన్లకు ఉదారంగా అప్పు ఇచ్చారు కాబట్టి. 1820లలో ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి బ్రూవరీ యజమాని ఆల్సప్ వచ్చి పోటీకి దిగాడు. అక్కడి నీళ్లలో జిప్సం అనే ఖనిజం ఎక్కువ, దానివల్ల చేదు పదునుగా తేలుతుంది. మా కుర్రాడూ నీళ్లలో జిప్సం కలుపుతానన్నాడు. ఇప్పుడు మనం తాగే బత్తాయి వాసన ఐపీఏ వేరు, దాని పుట్టుక అమెరికాలో 1972లో విడుదలైన క్యాస్కేడ్ హాప్స్ లాంటి రకాలతో.

ధర సంగతి. హాప్స్ మన దగ్గర హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో కొంత పండుతాయి, బ్రూవరీలు ఎక్కువగా వాడేవి విదేశాల నుంచి వచ్చేవే. ఐపీఏకి అవి మామూలు బీరుకన్నా ఎన్నో రెట్లు పడతాయి. ఆపైన ఎక్సైజు. కాబట్టి ధర అన్యాయమని నేననను. అంత ధర తీసుకుని పెట్టెల్ని ఎండలో పడేయడం మాత్రం అన్యాయం. తయారీ తేదీని క్యాన్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కొట్టడం ఇంకో అన్యాయం.

క్యాన్ కొంటే ఫ్రిజ్‌లోంచే తీసివ్వమనండి, తేదీ మూడు నెలలు దాటితే వద్దనండి. మంచు కట్టిన మగ్గులో పోస్తే వాసన తెలియదు, మామూలు గ్లాసు అడగండి. పుణే దూరమైతే హైదరాబాద్‌లోనూ మైక్రోబ్రూవరీలున్నాయి. కూర్చోగానే "ఈ బ్యాచ్ ఎప్పుడు తీశారు?" అని అడగండి, జవాబు రాకపోతే అక్కడ ఐపీఏ తప్ప ఇంకేదైనా తాగండి.