పేరు ఒకటే, ఛాసీ వేరు: అమెరికా పెద్ద కార్లపై మీ ప్రశ్నలు

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా బావగారు పాత లింకన్ కొందామని తిరుగుతున్నారు. ఒకరి దగ్గర 1979 కాంటినెంటల్ ఉంది, ఇంకొకరి దగ్గర 1983ది, మరొకరి దగ్గర 1990ది. పేరు ఒకటేగానీ ఫొటోలు చూస్తే ఒకదానికొకటి పోలిక లేదు. టౌన్ కార్ అంటే మళ్ళీ వేరే బండా? ఏది తీసుకోమంటారు? — ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: పోలిక లేకపోవడం నిజమేనండి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కానట్టే ఈ మూడు బళ్ళూను. అమెరికా కంపెనీలు మంచి పేరున్న మోడల్‌ని వదులుకోవు. కింద ప్లాట్‌ఫాం, అంటే బండి అడుగు నిర్మాణం, మొత్తం మార్చేసి, పైన ఆ పేరే ఉంచుతాయి. అందుకే సంవత్సరం చెప్పకుండా "కాంటినెంటల్ ఎలా ఉంటుంది" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు.

1961లో వచ్చిన కాంటినెంటల్‌కి విడి ఛాసీ, అంటే బాడీ కింద వేరే ఇనప చట్రం, లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. వెనక తలుపులు వెనకవైపు కీళ్ళతో ఎదురుగా తెరుచుకునేది అదే. 1970లో దాన్ని విడి ఛాసీ మీదికి తెచ్చారు. మీ బావగారు చూసిన 1979 బండి ఆ వరుసలో చివరిది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 127 అంగుళాలు, 6.6 లీటర్ల ఇంజను. కూర్చోడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీ 1978లో గ్యాలనుకు 18 మైళ్ళు, 1985కి 27.5 మైళ్ళు ఉండాలని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది. పెద్ద కార్లన్నీ కుదించుకుపోవడానికి అసలు కారణం అదే.

1980లో కాంటినెంటల్‌ని పాంథర్ అనే చిన్న ఛాసీ మీదికి మార్చారు. 1981లో ఆ బండికే టౌన్ కార్ అని పేరు పెట్టారు. ఖాళీ అయిన కాంటినెంటల్ పేరుని 1982లో ఫాక్స్ ప్లాట్‌ఫాం మీద కట్టిన ఇంకా చిన్న బండికిచ్చారు. ఫాక్స్ అంటే ఫోర్డ్ ఫెయిర్‌మాంట్, మస్టాంగ్ కార్లకు వాడిన అడుగు. 1983 బండి ఇదే. విడి ఛాసీ లేదుగానీ ఇంజను తోసేది మాత్రం వెనక చక్రాలనే. 1988కి కథ మళ్ళీ మారింది. ఫోర్డ్ టారస్ కారు సామాను తీసుకుని ముందు చక్రాలు లాగే కాంటినెంటల్ కట్టారు, 3.8 లీటర్ల వి6 ఇంజను పెట్టారు. 1990 బండి అది. ఆ ఇంజనుకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకీ పైన హెడ్డుకీ మధ్య బిగించే పొర) పోవడం పేరుమోసిన జబ్బు. నాలుగు చక్రాలకూ గాలి సస్పెన్షన్ కూడాను. గ్యాస్కెట్ మార్చినట్టు బిల్లు చూపించకపోతే ఆ బండి జోలికి వెళ్ళొద్దని చెప్పండి.

రోజూ వాడుకోడానికైతే మేం టౌన్ కార్‌కే ఓటేస్తాం. 1981 నుంచి 2011లో ఆగిపోయేదాకా అది పాంథర్ ఛాసీ వదల్లేదు. అడుగు మారని బండికి సామాను దొరకడం తేలిక, చేయి తిరిగిన మెకానిక్కులూ ఎక్కువే. 2003 నుంచి ఛాసీ పట్టాలు బలంగా చేసి, ర్యాక్ స్టీరింగ్ ఇచ్చారు కాబట్టి ఆ తర్వాతి బండి అయితే ఇంకా మంచిది.

1996–2001 మధ్య బండైతే ఇంజను మీది ప్లాస్టిక్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) తప్పకుండా చూడాలి. కూలెంటు, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవం, పోయే దారి కూడా ఆ ప్లాస్టిక్‌లోంచే. ముందు భాగంలో, ఆల్టర్నేటర్ దగ్గర చీలి నీళ్ళు కారుతుంటాయి. టార్చి వేసి అక్కడ తెల్లటి ఎండిన మరకలున్నాయేమో చూడమనండి. దీనికి ముందు భాగం అల్యూమినియంతో చేసిన మ్యానిఫోల్డ్ దొరుకుతుంది, అదే వేయించాలి. జిగురు పూసి సరిపెడితే నిలవదు.

టౌన్ కార్‌కి వెనక కాయిల్ స్ప్రింగుల బదులు గాలి సంచులుంటాయి. రాత్రి ఆపిన బండి తెల్లారేసరికి వెనక్కి కుంగిందంటే సంచి కారుతున్నట్టు. సబ్బునీళ్ళు పూస్తే బుడగలొచ్చే చోటు తెలుస్తుంది. కారే సంచితోనే తిప్పుతుంటే కంప్రెసరు ఆగకుండా ఆడి కాలిపోతుంది. సంచి వదిలేసి కంప్రెసరు ఒక్కటే కొత్తది వేస్తే అదీ కాలుతుంది, అందుకని ముందు సంచులు మార్చాలి. జాకీ పెట్టే ముందు డిక్కీలో ఉన్న సస్పెన్షన్ స్విచ్చి ఆపడం మరిచిపోకూడదు.

ప్రశ్న: అమ్మేవాడు చెప్పిన సంవత్సరం నిజమో కాదో, ఇంజను ఏదో ఇక్కణ్ణుంచి ఫొటో చూసి చెప్పగలమా? — ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: చెప్పొచ్చు. ముందు అద్దం అడుగున, అక్కడి డ్రైవరు వైపు, అంటే ఎడమ పక్క, డ్యాష్‌బోర్డు మీద చిన్న రేకు ఉంటుంది. దాని మీది నంబరు ఫొటో పంపమనండి. 1981 నుంచి అందులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. 10వది సంవత్సరం. బి అంటే 1981. అక్కణ్ణుంచి వరసే, కాకపోతే ఐ, ఓ, క్యూ, యూ, జడ్ వాడరు. అలా వై అంటే 2000 అవుతుంది. 2001 నుంచి 2009 దాకా 1 నుంచి 9 అంకెలు, 2010కి మళ్ళీ ఏ. 8వది ఇంజను. టౌన్ కార్‌లో అక్కడ డబ్ల్యూ ఉంటే 4.6 వి8. 2000 నాటి కాడిలాక్‌లో 9గానీ వైగానీ ఉంటే నార్త్‌స్టార్ ఇంజను, దాని సంగతి కింది జవాబులో ఉంది. 1980ల కాడిలాక్‌లో 8 కనిపిస్తే అది 4.1 లీటర్ల ఇంజను. అల్యూమినియం బ్లాకు మీద ఇనప హెడ్లు బిగించిన ఆ ఇంజనులో కూలెంటు ఆయిల్లో కలిసి బేరింగులు పోతాయి. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తలుపు అంచున ఉన్న స్టిక్కర్ మీదా ఇదే నంబరు ఉండాలి. రెండూ కలవకపోతే బేరం ఆపేయడమే.

ప్రశ్న: డాలస్‌లో మా అన్నయ్యకు 1999 కాడిలాక్ డెవిల్ ఉంది. పావుగంట తోలేసరికి టెంపరేచరు పెరిగిపోతోంది. షాపువాళ్ళు ఇంజను దింపాలంటున్నారు. తప్పదా? — ఒక పాఠకుడు, తణుకు

జవాబు: తప్పకపోవచ్చు. కానీ దానికి ముందు చూడాల్సినవి మూడున్నాయి.

మొదటిది గాలి పోయే సన్న గొట్టం. ఇంజను మీద నుంచి కూలెంటు ట్యాంకుకు వెళ్ళే ఈ గొట్టానికి ఇంజను వైపు చిల్లి ఉన్న బోల్టు ఉంటుంది. ఆ చిల్లి మట్టితో మూసుకుపోతే లోపల గాలి నిలిచి వేడెక్కుతుంది. ఇంజను నడుస్తుండగా ట్యాంకు వైపు గొట్టం విప్పి చూస్తే సన్నటి ధార రావాలి. రాకపోతే బోల్టు తీసి తీగతో పొడిచి శుభ్రం చేస్తే చాలు. రెండోది వాటర్ పంపు బెల్టు. ఈ ఇంజనులో పంపుకి విడి బెల్టు, అది క్యామ్‌షాఫ్టు చివర నుంచి తిరుగుతుంది. బెల్టు గానీ, దాన్ని లాగి పట్టే టెన్షనర్ గానీ వదులైతే పంపు జారుతుంది. మూడోది కూలెంటు ట్యాంకు మూతి దగ్గర రసాయన పరీక్ష. నీలం ద్రవం పసుపు రంగుకి తిరిగిందంటే మండిన గ్యాసు కూలెంటులోకి వస్తోందన్న మాట.

పసుపు వచ్చిందంటే మాత్రం షాపువాళ్ళ మాటే నిజం. ఈ బండిలోది నార్త్‌స్టార్ ఇంజను, దాని బ్లాకు అల్యూమినియం. హెడ్ బోల్టులు పట్టుకునే మరలు ఏళ్ళ తరబడి వేడికీ చల్లదనానికీ నలిగి బ్లాకులోంచి ఊడివస్తాయి. ఒక్కో హెడ్డుకు 10 పెద్ద బోల్టులు, రెండిటికీ 20. గ్యాస్కెట్ ఒక్కటే మార్చి పాత మరల్లోనే బోల్టులు బిగిస్తే కొద్ది నెలల్లో మళ్ళీ అదే ఖర్చు. 20 రంధ్రాలూ తొలిచి, ఉక్కు మర గొట్టాలు గానీ స్టడ్లు గానీ వేస్తేనే పని పూర్తయినట్టు. ఊడినవాటికే వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఈ పని రాసిచ్చే షాపు దొరక్కపోతే బండి అమ్మేయడం మేలు. 2000లో డెవిల్ కొత్త ప్లాట్‌ఫాం మీదికి మారినప్పుడు బోల్టులు పొడవు చేశారు, 2004లో మరలు ముతక చేశారు. అందుకే పాత బండి సలహా కొత్తదానికి పూర్తిగా వర్తించదు.

ప్రశ్న: మండపేటలో మా ఫ్రెండు క్రైస్లర్ 300 అంటే పైకి అమెరికా, లోపల బెంజ్ అంటున్నాడు. నిజమేనా? — ఒక పాఠకుడు, మండపేట

జవాబు: సగం నిజం. 2005 మోడల్‌గా వచ్చిన 300 ప్లాట్‌ఫాం పేరు ఎల్‌ఎక్స్. క్రైస్లర్ అప్పట్లో బెంజ్ కార్లు చేసే డైమ్లర్ చేతిలో ఉంది, కాబట్టి సస్పెన్షన్ పద్ధతి, కొన్ని గేరు బాక్సులు బెంజ్ నుంచి తెచ్చారు. బాడీ, పెట్రోలు ఇంజన్లు క్రైస్లర్‌వే. అంతకుముందు వచ్చిన 300ఎం ముందు చక్రాల బండి, దీనికీ దానికీ సంబంధం లేదు.

ప్రశ్న: మా తాతగారి 1950ల డాడ్జ్ కింగ్స్‌వే రైసుమిల్లు షెడ్డులో ఏళ్ళుగా పడి ఉంది. ఉప్పుగాలి ఊరు. బతికించొచ్చా? సామాను ఎక్కడ? — ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: ఛాసీ బాగుంటే తప్పకుండా బతుకుతుంది. మీ బండికి పేరు డాడ్జ్ అయినా ఒళ్ళంతా ప్లిమత్. ప్లిమత్ బాడీకి డాడ్జ్ ముందుభాగం తగిలించి, ఎగుమతి కోసం క్రైస్లర్ చేసిన రకం ఇది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ బిగించి అమ్మింది. కాబట్టి "డాడ్జ్ సామాను" అని వెతికితే దొరకనివి, అదే సంవత్సరం ప్లిమత్ అని అడిగితే దొరుకుతాయి.

ముందు ఛాసీ చూడండి. విడి ఛాసీ బళ్ళలో తుప్పు పైకి కనబడదు. పట్టాల్లో మట్టీ తేమా పేరుకుని లోపల్నుంచి తింటుంది. వెనక కమాను కట్ట తగిలే చోట, బాడీ బోల్టులు కూర్చునే చోట చిన్న సుత్తితో కొట్టి వినండి. ఖంగుమంటే గట్టి, మొద్దుగా మోగితే స్క్రూడ్రైవరుతో పొడవండి. దిగిపోతే అక్కడ కొత్త రేకు కట్ చేసి వెల్డింగు చేయించాలి. లారీ ఛాసీలు చేసే షెడ్లలో ఈ పని బాగా వచ్చినవాళ్ళున్నారు. షెడ్డులోకి ఎప్పుడైనా వరద నీళ్ళు వచ్చి ఉంటే, ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీది చార చూసి, అంత ఎత్తులో ఉన్న ప్రతి బేరింగూ విప్పాల్సిందేనని లెక్క వేసుకోండి.

చక్రాలు విప్పేటప్పుడు జాగ్రత్త. బండికి ఎడమవైపు చక్రాల బోల్టులు ఎడమ మరలు. కుడివైపు వాటిలా తిప్పితే ఇంకా బిగుసుకుంటాయి, పైపు తొడిగి బలం పెడితే విరుగుతాయి. వెనక డ్రమ్ములు కోను ఆకారపు యాక్సిల్ మీద బిగిసి ఉంటాయి, వాటికి మధ్య హబ్బు పట్టే గట్టి పుల్లర్ కావాలి. లేత్ షాపులో చేయిస్తారు. యాక్సిల్ నట్టు పూర్తిగా తీసేయకుండా రెండు చుట్లు వదులు చేసి పుల్లర్ బిగించండి, డ్రమ్ము ఒక్కసారిగా ఎగిరిపడకుండా ఆగుతుంది. సుత్తితో యాక్సిల్ చివర కొడితే లోపలి బేరింగులు పోతాయి.

ఇంజను 6 సిలిండర్లది, వాల్వులు పక్కన ఉంటాయి. స్పార్కు ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో డీజిలూ ఇంజన్ ఆయిలూ సమంగా కలిపి రెండు చెంచాలు పోయండి. మూడు నాలుగు రోజులాగి చేత్తో తిప్పండి, స్టార్టరుతో వద్దు. పక్క మూతలు విప్పి వాల్వులు లేచి దిగుతున్నాయో చూసి, అతుక్కున్నవాటి కాడలకు ఆయిలు పట్టించండి. ఎక్కువమంది మరిచిపోయేది బ్లాకు లోపలి నీటి గొట్టం. రేడియేటరు, వాటర్ పంపు తీస్తే కనబడే ఆ పల్చటి రేకు గొట్టం నీళ్ళని వెనక సిలిండర్ల దాకా పంచుతుంది. తుప్పు పడితే ముందు సిలిండర్లు చల్లగా, వెనకవి కాలిపోతూ నడుస్తాయి, రేడియేటరు ఎన్నిసార్లు కడిగినా లాభం ఉండదు. కొక్కెంతో మెల్లగా లాగి కొత్తది వేయించండి.

1956 ముందు బండైతే కరెంటు 6 వోల్టులు, బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలపాలి. ఇప్పటి అలవాటులో మైనస్ కలిపితే అమ్మీటరు తిరగబడుతుంది, జనరేటరు దెబ్బతింటుంది. బ్యాటరీ తీగలు లావువి వేయండి, ఇప్పటి కార్ల తీగలు వేస్తే సన్నగా ఉండి స్టార్టరు ఈడ్చుకుంటుంది.

50 ఏళ్ళు దాటిన, మూల రూపం మారని బళ్ళకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా చేయించడానికి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి, కిరాయికి పనికిరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలు పోయించడానికీ మరమ్మతులకూ ఇలాంటి వాటికే. మూల రూపం మారకూడదు కాబట్టి డీజిలు ఇంజను ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి. తాతగారి పాత ఆర్.సి. పుస్తకం ఇంట్లో వెతకండి. నంబరు అందులో చూసుకుని, ఇంజను బ్లాకు ఎడమవైపు ముందు కొట్టిన నంబరుతో సరిపోల్చుకోండి.

ప్రశ్న: అక్కడి టౌన్ కార్‌ని ఓడలో వేసి తణుకు తెచ్చుకోవచ్చా? — ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కుదరదండి. వాడిన కారు దిగుమతికి మూడేళ్ళు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. టౌన్ కార్ 2011లోనే ఆగిపోయింది, స్టీరింగూ ఎడమవైపే.