జానెడు అంటే ఎవరి జానెడు?

అల్లిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికిపైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. సొంతంగా అల్లినదాన్ని పదిమందికీ ఎలా రాసివ్వాలి అని. అందుకే కుట్ల గురించిన ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టేశాను.

ప్రశ్న: మా చెల్లికి ఊలు టోపీ అల్లాను. చూసినవాళ్లంతా ఎలా అల్లావో రాసివ్వమన్నారు. "104 కుట్లు వేసి, జానెడుకి రెండువేళ్లు తక్కువ వచ్చేదాకా అల్లి, తర్వాత తగ్గించుకుంటూ పోండి" అని రాసిచ్చాను. ముగ్గురు అల్లారు. ఒకరిది కళ్ల మీదికి జారుతోంది, ఒకరిది తలకెక్కడం లేదు, మూడోది సరిపోయింది. ముగ్గురూ వాడింది అదే ఊలు, అవే సూదులు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: ముందు ఆ జానెడు సంగతి తేల్చుకుందాం. నా జానెడు 19 సెంటీమీటర్లు. మా ఇంట్లోనే ఇంకొకరిది 22. టేపు తీసి "అంచు నుంచి 15 సెంటీమీటర్లు" అని రాస్తే ఆ గొడవ తీరిపోతుంది.

అసలు చిక్కు చేతి బిగువుది. ఒకే ఊలు, ఒకే సూదులైనా ఒకరు బిగించి అల్లుతారు, ఒకరు వదులుగా అల్లుతారు. మీ టోపీ 52 సెంటీమీటర్ల చుట్టుకొలత వచ్చిందనుకుందాం. అంటే 10 సెంటీమీటర్లకి 20 కుట్లు. అదే 104 కుట్లు వదులు చేతిలో, 10 సెంటీమీటర్లకి 18 చొప్పున పడితే దాదాపు 58 సెంటీమీటర్లవుతుంది. బిగువు చేతిలో 22 చొప్పున పడితే 47 దగ్గర ఆగిపోతుంది. పదికి రెండు కుట్లే తేడా అనిపిస్తుంది గానీ, తల చుట్టూ తిరిగొచ్చేసరికి ఒకరికి కళ్లు మూసింది, ఇంకొకరికి నెత్తినే ఆగిపోయింది.

కాబట్టి ప్యాటర్న్‌లో (అల్లే విధానం రాసిన కాగితంలో) మొట్టమొదట రాయాల్సింది గేజ్, అంటే ఇంత కొలతకి ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు పడతాయో ఆ లెక్క: "10 సెంటీమీటర్లకి 20 కుట్లు, 28 వరుసలు." దాన్ని మీరు కూడా సరిగ్గా కొలవాలి. అందుకు అదే ఊలు, అవే సూదులతో ముందుగా అల్లి చూసే నమూనా ముక్క కనీసం 15 సెంటీమీటర్లుండాలి. అంచుల్లో కుట్లు సాగుతాయి, అందుకని మధ్యలో కొలవండి. తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాతే టేపు పెట్టండి. టోపీ గుండ్రంగా అల్లేది కనక నమూనా కూడా గుండ్రంగానే అల్లాలి. నిట్ అంటే మామూలు కుట్టు, పర్ల్ అంటే దాన్నే వెనక వైపు నుంచి చూసినట్టుండే తిరగ కుట్టు. సాదాగా అటూ ఇటూ తిప్పి అల్లితే ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్. చాలామందికి పర్ల్ వరుస నిట్ వరుస కన్నా వదులుగా వస్తుంది. గుండ్రంగా అల్లేటప్పుడు పర్ల్ వరుసే ఉండదు కనక లెక్క మారిపోతుంది. నమూనా అల్లడం నాకూ విసుగే. ఒకప్పుడు ఎగ్గొట్టేదాన్ని. ఆ రోజుల్లో అల్లిన టోపీలు రెండు ఇప్పుడు టీపాట్ల మీద ఉన్నాయి.

మీ 104 మాత్రం మంచి అంకె, యథాలాపంగా పడిందో తెలిసే వేశారో గానీ. 56 సెంటీమీటర్ల తలకి టోపీ ఓ నాలుగు సెంటీమీటర్లు తక్కువుంటేనే పట్టి ఉంటుంది, అంటే 52. అంచు సాగేలా రెండు నిట్, రెండు పర్ల్‌గా అల్లే రిబ్‌కి నాలుగుతో భాగం పోవాలి, పోతుంది. నడినెత్తిని ఎనిమిది భాగాలుగా తగ్గిస్తే ఒక్కో భాగానికి 13 కుట్లు. "11 నిట్, 2 కలిపి" అని ఎనిమిదిసార్లు అల్లితే 96 మిగులుతాయి. ఒక వరుస ఊరికే అల్లి, తర్వాత "10 నిట్, 2 కలిపి". అలా చివరికి 8 మిగిలాక దారం గుచ్చి బిగించేయడమే. చిన్న సైజుకి 96, పెద్దదానికి 112 పెట్టండి. వాటిని కూడా ఎనిమిది భాగిస్తుంది, ఇదే పద్ధతి సరిపోతుంది. రాసేటప్పుడు 96 (104, 112) అని మొదలుపెడితే చివరిదాకా అదే వరుసక్రమంలో రాయండి.

ప్రశ్న: గళ్ల కాగితం మీద గుండ్రటి పువ్వు గీసి, రెండు రంగుల్లో హెడ్‌బ్యాండ్ అల్లాను. పువ్వు కాస్తా ఎవరో పైన కూర్చున్నట్టు నలిగిపోయింది. గీతలో తప్పు లేదు, పదిసార్లు చూశాను.

జవాబు: మీ గీత మంచిదే, కాగితమే మోసం చేసింది. గళ్ల కాగితంలో గడి చదరం. అల్లికలో కుట్టు చదరం కాదు, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు, 28 వరుసలు వస్తుంటే, 20 గళ్ల పొడవూ 20 గళ్ల వెడల్పూ ఉన్న పువ్వు 10 సెంటీమీటర్ల వెడల్పుతో, ఏడు సెంటీమీటర్ల ఎత్తుతో వస్తుంది. కంప్యూటర్లో 7 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న గళ్లు వేసుకుని అందులో గీయండి. కాగితం మీద ఎలా కనిపిస్తే చేతిలోనూ అలాగే వస్తుంది.

పనిలో పనిగా ఇంకో మాట. పువ్వు చుట్టూ ఎక్కడైనా ఏడెనిమిది గళ్లు వరసగా ఒకే రంగు ఉంటే, వాడని రంగు దారం వెనకాల అంత పొడుగూ వేలాడుతుంది. పెట్టుకునేటప్పుడు చెవి రింగు దానికే తగులుకుంటుంది. నాలుగైదు కుట్లకోసారి ఆ దారాన్ని వెనక మెలేసి పట్టుకోమని చార్టు (గళ్లలో గీసిన ఆ బొమ్మ) కిందే రాయండి. రంగులతో పాటు గడిలో చుక్కో గీతో కూడా పెట్టండి. నలుపు తెలుపులో ప్రింటు తీసుకునేవాళ్లుంటారు, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లూ ఉంటారు.

కొత్తవాళ్లకి చార్టు చదవడం కూడా చెప్పాలి. మనకి పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి చదవడం అలవాటు. చార్టు దానికి పూర్తిగా తిరకాసు, కింద కుడి మూల మొదలవుతుంది. గుండ్రంగా అల్లితే ప్రతి వరుసా కుడి నుంచి ఎడమకే. అటూ ఇటూ తిప్పి అల్లితే వెనక వరుసలు ఎడమ నుంచి కుడికి.

ప్రశ్న: పాత పుస్తకంలో చూసిన ఆకు డిజైను కుట్టుతో శాలువా అల్లాను. దాన్ని నా ప్యాటర్న్ అని పంచుకోవచ్చా?

జవాబు: కుట్టు ఎవరి సొత్తూ కాదు. పుస్తకంలో ఆ కుట్టుని వివరించిన మాటలు, గీసిన చార్టు, తీసిన ఫోటో మాత్రం రాసినవాళ్లవి. వాటిని దించుకోకుండా, మీ మాటల్లో రాసి, మీ చార్టు మీరే గీసి, ఆ కుట్టు ఎక్కడ చూశారో ఒక వాక్యం వేయండి. మీరు రాసినదానికీ అదే రక్షణ. కాపీరైట్ గురించిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో ఎక్కడా రిజిస్టర్ చేయనక్కర్లేదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది.

బ్రిటన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ (1910–1999) అల్లికలో ఎన్నో ఉపాయాలు చూపించింది. అయినా వాటిని కనిపెట్టానని చెప్పుకోలేదు. ఎప్పుడో ఎక్కడో ఎవరో చేసే ఉంటారని, తన పనికి 'ఇన్వెంట్' (కనిపెట్టడం) బదులు 'అన్‌వెంట్' అని వేరే మాట వాడింది. నాకు ఆవిడ పద్ధతే నచ్చుతుంది.

ప్రశ్న: వేళ్లు లేని గ్లవ్స్‌కి ప్యాటర్న్ రాస్తున్నాను. పైన జడ అల్లిక, అరచేతి వైపు సాదా. రెండో చెయ్యి మళ్లీ మొత్తం రాయాలా, "ఇలాగే అల్లండి" అంటే చాలదా?

జవాబు: చాలదు. నేను అలాగే రాసి బుద్ధి తెచ్చుకున్నాను. కొన్నేళ్ల కిందట నా గ్లవ్స్ ప్యాటర్న్ చివర "రెండోది కూడా ఇలాగే" అని రాసి, పరీక్షగా అల్లి చూడమని ఒకావిడకి పంపాను. పది రోజులకి ఫోటో వచ్చింది. బల్ల మీద రెండు గ్లవ్స్ పక్కపక్కన, జడలు పైకి, బొటనవేళ్లు రెండూ ఎడమవైపే! రెండూ కుడిచేతివి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, ఫోటో మాత్రం పెట్టింది. విచిత్రమేమిటంటే నేను అల్లిన జత సరిగ్గానే ఉంది. రెండోది అల్లేటప్పుడు నా చెయ్యి దానంతటదే తిప్పి అల్లేసింది, ఆ సంగతి కాగితానికి చెప్పడం మర్చిపోయాను.

మణికట్టు నుంచి పైకి, 44 కుట్లతో అల్లుతున్నారనుకోండి. కుడిచేతికి: 22 చెయ్యి పైభాగం, వెంటనే బొటనవేలి కోసం పెంచే కుట్లు, తర్వాత 22 అరచెయ్యి. ఎడమచేతికి: 22 పైభాగం, 22 అరచెయ్యి, ఆ తర్వాత వరుస చివర బొటనవేలు. జడ కూడా తిరగాలి. ఒకదానికి దాటించాల్సిన జడపాయ కుట్లని అల్లుతున్నదాని వెనక పట్టుకుంటే కుడికి వాలుతుంది, రెండోదానికి ముందు పట్టుకుంటే ఎడమకి. పాయ వాలు సంగతి చాలామంది వదిలేస్తారు. అప్పుడు రెండు చేతులూ పక్కన పెడితే కన్ను ఎక్కడో తడబడుతుంది, ఎందుకో తెలియదు.

ప్రశ్న: ఊలు ఎంత కావాలో ఎలా రాయాలి?

జవాబు: అల్లడం అయ్యాక త్రాసులో పెట్టండి. 100 గ్రాములకి 200 మీటర్లుండే ఊలైతే, 62 గ్రాముల టోపీకి 124 మీటర్లు పట్టినట్టు. పదో వంతు కలిపి "140 మీటర్లు" అని రాయండి. గ్రాములు మాత్రమే రాస్తే వేరే ఊలు వాడేవాళ్లకి ఉపయోగపడదు.

ప్రశ్న: నా శాలువా ప్యాటర్న్ ఉచితంగా పెట్టాను, ముప్పై మంది దాకా తీసుకున్నారు. ఇప్పుడు ఒకరు 37వ వరుసలో 6 కుట్లు మిగిలిపోతున్నాయని రాశారు. చూస్తే నిజమే. సిగ్గుగా ఉంది. రెండోది డబ్బుకి ఇద్దామనుకున్నాను, ఇక ధైర్యం చాలడం లేదు.

జవాబు: తప్పు లేని ప్యాటర్న్ నేనింతవరకూ చూడలేదు, నావి కలుపుకుని. పెంచిన లేదా తగ్గించిన ప్రతి వరుస చివరా "ఇప్పుడు ఇన్ని కుట్లు" అని అంకె వేసి ఉంటే ఈ ఆరూ మీకే దొరికేవి. ఈసారి ముగ్గురి చేత అల్లించండి. ఒకరు బాగా తెలిసినవాళ్లు, ఒకరు కొత్తవాళ్లు. మూడోవాళ్లు మీతో ఎప్పుడూ మాట్లాడనివాళ్లైతే మంచిది, ఎందుకంటే స్నేహితులు అర్థం కానిచోట ఫోన్ చేసి అడిగేస్తారు, కాగితం తప్పు కాగితంలోనే ఉండిపోతుంది. బాగుందా అని అడగకండి, ఎక్కడ ఆగి రెండోసారి చదివారో అడగండి.

డబ్బు తీసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఉచితమైనా మీ 37వ వరుసలో పోయిన ఊలూ పొద్దూ అవతలివాళ్లవే. ఇవాళ ఆ వరుస సరిచేసి, పైన తేదీ మార్చి, ఏం మారిందో ఒక లైను రాసి, ముందు ఆ తప్పు పట్టినావిడకి పంపండి. వీలైతే రెండో ప్యాటర్న్ కూడా అల్లి చూడమని ఆవిడనే అడగండి.