ఇంటిపేరు చరిత్ర ఒక్కరే రాయగలరా?

ప్రశ్న: నమస్తే అండీ, మా ఇంటిపేరు కొత్తపల్లి. రిటైరయ్యాక ఈ ఇంటిపేరున్న వాళ్లందరి వంశవృక్షం తయారు చేద్దామని మొదలుపెట్టాను. చుట్టాల వాట్సాప్ గ్రూపులో వివరాలు అడిగితే అందరూ దండం బొమ్మలు పెట్టారే గానీ ఒక్కరూ ఒక్క పేరు చెప్పలేదు. పాత కాగితాలు చూద్దామంటే ఉర్దూ రాదు. ఒక్కణ్నే చేయగలనా, వదిలేయమంటారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అస్సలు వదలొద్దు సార్. కాకపోతే ‘అందరిదీ’ అన్న ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. ఇంగ్లండులో గిల్డ్ ఆఫ్ వన్ నేమ్ స్టడీస్ అని 1979 నుంచి ఒక సంఘం ఉంది, ఒక ఇంటిపేరు పట్టుకుని ఆ పేరున్న వాళ్లందరినీ వెతుకుతారు. కానీ మన దగ్గర కొత్తపల్లి అనే ఊళ్లే ఎన్నో ఉన్నాయి, ఏ కొత్తపల్లి నుంచి వలస వెళ్లినవాళ్లనైనా కొత్త ఊళ్లో కొత్తపల్లివాళ్లు అనే పిలిచి ఉంటారు, కులం వేరు గోత్రం వేరు, వాళ్లందర్నీ ఒకే చెట్టుకి కట్టేస్తే అది అబద్ధం అవుతుంది. మీ ఊరు, మీ గోత్రం, అంతవరకే పెట్టుకోండి, అది ఒక్క మనిషి చేయగలిగిన పని.

ఇక మనుషుల సంగతి. గ్రూపులో అడిగితే ఎవరూ చెప్పరండీ, పక్కవాళ్లు చెప్తార్లే అనుకుంటారు. ఒక్కొక్కరికే ఫోన్ చేసి ఒక్కటే ప్రశ్న అడగండి, ‘పెద్దమ్మా, మీ మామగారి నాన్నగారి పేరేంటి’ అని, అంతే, ప్రాజెక్టు అనే మాటే ఎత్తొద్దు. ముందు ఇంట్లో పెద్దవయసు ఆడవాళ్లని అడగండి, ఎవర్ని ఏ ఊరికిచ్చారో వాళ్లకి తెలిసినంత మగవాళ్లకి తెలీదు. ఇది మాత్రం వాయిదా వేయకండి, కాగితాలు వచ్చే ఏడాదైనా చూసుకోవచ్చు.

ఇంకోటి, పాత పెళ్లి క్యాసెట్లు ఉంటే బయటికి తీయండి. కన్యాదానం దగ్గర పంతులుగారు ప్రవర చదువుతారు కదా, ఫలానా గోత్రం, ఫలానా వారికి నప్త్రే, ఫలానా వారికి పౌత్రాయ, ఫలానా వారికి పుత్రాయ అని, అంటే పెళ్లికొడుకు ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరసగా వచ్చేస్తాయి, పెళ్లికూతురి వైపూ అంతే. సన్నాయి చప్పుడులో సరిగ్గా వినపడదు, వెనక్కి తిప్పి తిప్పి వినాల్సిందే. తద్దినం పెట్టే ఇళ్లలో కూడా మూడు తరాల పేర్లు చెప్తారు. ఈ ఆచారాలు లేని ఇళ్లకి పొలం కాగితాలే దిక్కు.

తెలంగాణ ఊరైతే 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ పొలం ఎవరి పేరున ఉందో రాసిన రికార్డు, దాని నకలు సంపాదించండి, దానికంటే పాతది కావాలంటే సేత్వార్, అంటే పాత భూమి సర్వే రికార్డు. వాటిలో ఫసలీ, అంటే అప్పటి రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటే 590 కలపండి, ఫసలీ 1340 అంటే సుమారు 1930. పాత ఉత్తరాల్లో ‘ప్రభవ’ అని మాత్రమే ఉంటే తొందరపడకండి, అది 1927 కావచ్చు, 1867 కూడా కావచ్చు, అందులో ఉన్న మనుషుల్ని బట్టి తేల్చాలి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్, అంటే పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే ఆఫీసు ఉంది, నిజాం కాలం కాగితాలు ఎక్కువగా ఫార్సీ, ఉర్దూలోనే ఉంటాయి. ఉర్దూ రాదని బెంగ పెట్టుకోకండి, మన హైదరాబాద్‌లో చదివిపెట్టేవాళ్లకి కొదవా? పేరున్న ఆ రెండు లైన్లు చూపిస్తే చాలు.

రాసే ప్రతి పేరు పక్కన ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది రాయండి, ఇది లేకపోతే రేపు మీకే నమ్మకం ఉండదు. దత్తతలు, ఇల్లరికాలు తప్పకుండా గుర్తు పెట్టండి, అక్కడే ఇంటిపేర్లు తారుమారవుతాయి. వంశవృక్షాలు తయారుచేయడానికి గ్రాంప్స్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎక్సెల్ అయినా సరే. ఒక శాఖ పూర్తవగానే ప్రింట్ తీసి ఆ ఇంటికి పంపండి. ఖాళీ కాగితం ఇస్తే నింపనివాళ్లు, ‘మా తాత పేరు తప్పు రాశావేంటి’ అని మాత్రం అదే రోజు ఫోన్ చేస్తారు, అప్పుడు మిగతావి కూడా అడిగేయండి.

ప్రశ్న: పెళ్లయ్యాక నా ఇంటిపేరు మారింది. పుట్టింటి పేరు మీద నేను చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: చేయండమ్మా, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఒక్కటే కోరుతున్నా, కోడళ్ల పుట్టింటి ఇంటిపేరు, ఊరు కూడా రాయండి, చాలా వంశవృక్షాల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ఫార్వర్డ్ చేసే కాపీలో పెట్టకండి.