గ్రూపింగ్ కుదిరాకే రైఫిల్ గురించి ఆలోచించండి

ప్రశ్న: వరంగల్‌లో బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌సీసీ క్యాడెట్‌ని. పాయింట్ 22 రైఫిల్ ఫైరింగ్ అంటే ప్రాణం. కానీ 25 మీటర్ల టార్గెట్ మీద నా ఐదు రౌండ్లూ చెల్లాచెదురుగా పడుతున్నాయి. షూటింగ్ టీమ్ సెలక్షన్‌లో రెండుసార్లు పోయింది. మంచి రైఫిల్ ఉంటే గురి కుదురుతుందని, అప్పు చేసైనా కొనిస్తానని నాన్న అంటున్నారు. ఏడాది చదువు ఆపి షూటింగ్ మీదే ఉండొచ్చా? – ఒక విద్యార్థిని

జవాబు: ముందు నాన్నగారిని ఆ అప్పు చేయకుండా ఆపండి. పాయింట్ 22 రైఫిల్‌కి ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి. 21 ఏళ్లు నిండని వాళ్లకు అది మామూలుగా రాదు. అంతకన్నా ముఖ్యం, మీరు రాసినదాన్ని బట్టి లోపం రైఫిల్‌ది అనిపించడం లేదు. రౌండ్లు దగ్గరదగ్గరగా పడటాన్నే గ్రూపింగ్ అంటారు. ఐదు రౌండ్లూ అలా ఒక మూలకు పడితే సైట్లు, అంటే గురి చూసే భాగాలు, సరిచేస్తే చాలు. చెదిరిపోతున్నాయంటే ప్రతి రౌండ్‌కీ మీ శరీరం మారుతోందని అర్థం. లక్షలు పెట్టి కొన్న రైఫిల్‌తో కూడా అవి అలాగే చెదురుతాయి.

లైయింగ్ పొజిషన్ నుంచి మొదలుపెట్టండి. పడుకుని గురి పట్టాక కళ్లు మూసుకుని, రెండు మూడుసార్లు మామూలుగా గాలి పీల్చి వదిలి, కళ్లు తెరవండి. ఫోర్‌సైట్ (బారెల్ కొన దగ్గరుండే సైట్) టార్గెట్ మీదే ఉంటే పొజిషన్ కుదిరినట్టే. పక్కకు పోయిందంటే ఇంతసేపూ మీరు కండరాల బలంతో రైఫిల్‌ను టార్గెట్ మీదికి లాగి పట్టుకున్నారన్నమాట. అప్పుడు చేతులతో సర్దకండి. మీది కుడిచేతి వాటమైతే ఎడమ మోచేతిని ఉన్నచోటే ఉంచి నడుమూ కాళ్లూ కొద్దికొద్దిగా జరపండి. చాలామంది క్యాడెట్లు ఈ పనికి అర నిమిషం కూడా ఇవ్వరు. మీ సమస్యలో పెద్ద వాటా ఇక్కడే ఉందని నా నమ్మకం.

చూపు ఫోర్‌సైట్ కొన మీద నిలవాలి. టార్గెట్ కాస్త మసకగా కనబడినా పర్వాలేదు. గాలి వదిలాక ఊపిరి సహజంగా ఆగే క్షణం ఒకటి ఉంటుంది, ఆ వ్యవధిలోనే ట్రిగ్గర్ పని పూర్తవ్వాలి. ఏడెనిమిది సెకన్లు దాటితే కన్ను అలసిపోతుంది, చేయి వణుకుతుంది. అప్పుడు బలవంతంగా పేల్చకుండా వేలు ట్రిగ్గర్ మీంచి తీసి మళ్లీ మొదలుపెట్టండి. రౌండ్లు నిలువు గీతలా పైకీ కిందికీ పడుతుంటే ముందు శ్వాసను అనుమానించండి. కుడిచేతి వాటం వాళ్లకు కింద కుడివైపు పడుతుంటే చాలావరకు ట్రిగ్గర్‌ను గుంజుతున్నట్టే. పేలిన తర్వాత కూడా ఒక సెకను వేలు వెనక్కే ఉంచి, కన్ను సైట్ మీంచి తీయకుండా ఉండండి. ఎక్కడ పడిందో చూడాలన్న ఆత్రంతో తల ఎత్తడం అలవాటైతే, గుండు బారెల్ దాటకముందే మీరు కదలడం మొదలవుతుంది.

ఖాళీ రైఫిల్‌తో డ్రై ప్రాక్టీస్ ఎంత చేస్తే అంత మంచిది. కానీ పాయింట్ 22లో ఒక జాగ్రత్త ఉంది. ఈ తూటాలో పేలే మందు అంచులో ఉంటుంది, ఫైరింగ్ పిన్ అంచు మీదే కొడుతుంది. చాంబర్ (తూటా కూర్చునే గది) ఉత్తదిగా ఉంచి పదేపదే ట్రిగ్గర్ నొక్కితే కొన్ని రైఫిళ్లలో పిన్ చాంబర్ అంచుకు తగిలి అది దెబ్బతింటుంది. అందుకే ప్లాస్టిక్ డమ్మీ తూటా వాడాలి. అదీ పీఐ స్టాఫ్ (ఎన్‌సీసీలో శిక్షణ ఇచ్చే సైనిక సిబ్బంది) ఎదురుగా, అసలు తూటాలేవీ దగ్గర లేవని చూసుకున్నాకే.

తూటాల తేడా కూడా ఉంటుంది. ఒకే కంపెనీవైనా ఒక లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) నుంచి ఇంకో లాట్‌కి గ్రూపింగ్ మారుతుంది. 50 మీటర్ల పోటీల్లో పది పాయింట్లిచ్చే నడిమి రింగ్ వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. తేలికపాటి పక్కగాలి కూడా గుండును పదిలోంచి తొమ్మిదిలోకి తోసేస్తుంది. అందుకే ఆ స్థాయి షూటర్లు తమ బారెల్‌కి ఏ లాట్ నప్పుతుందో పరీక్షించి కొంటారు. మీరు ఆ టెన్షన్ ఇప్పుడే పెట్టుకోవద్దు. ప్రతి టార్గెట్ కాగితం మీద తేదీ, గ్రూప్ వెడల్పు, ఏ లాట్ తూటాలు, ఏ రౌండ్ చెడిందని పేల్చిన క్షణంలోనే మీకు అనిపించిందీ రాసి దాచండి. మీ అంచనా, కాగితం మీద పడిన చోటు కలవడం మొదలైతే మీరు ఎదుగుతున్నట్టు. నేర్పించడానికి కోచ్‌కి కూడా ఆ కాగితాలే ఆధారం.

ఇక చదువు. ఆపవద్దు. సిఫ్ట్ కౌర్ సమ్రా ఎంబీబీఎస్ వదిలి షూటింగ్ ఎంచుకున్నారని మీరు వినే ఉంటారు. అప్పటికే ఆమె భారత జట్టులో ఉన్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి పేల్చే పోటీ) 469.6 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల్లో ఇదే విభాగంలో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా ఉద్యోగం చేస్తూ ఆడారు. స్కూల్లో ఎన్‌సీసీతో షూటింగ్‌లోకి వచ్చిన అంజుమ్ ముద్గిల్ పంజాబ్ పోలీసు ఉద్యోగి. రైల్వే, పోలీసు, సైన్యం, కేంద్ర బలగాలు స్పోర్ట్స్ కోటాలో షూటర్లను తీసుకుంటాయి. కానీ అవి చూసేది జాతీయ స్థాయి ఫలితాలను. మీకు ఇంకో దారి కూడా ఉంది. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే సైన్యంలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి అర్హత వస్తుంది. రాత పరీక్ష లేదు, నేరుగా ఎస్‌ఎస్‌బీ (సైన్యానికి అధికారులను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ. చదువు ఆపితే ఆ దారి మీరే మూసుకున్నట్టు.

ఈ డిగ్రీ మూడేళ్లలో ముందు 25 మీటర్ల దగ్గర గ్రూప్ బిగించండి. సెలవుల్లో హైదరాబాద్ వచ్చి గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరున్న రాష్ట్ర షూటింగ్ రేంజ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకోండి. నిర్ణీత శక్తి లోపలి 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, మొదట్లో రేంజ్ వాళ్ల రైఫిలే అడిగి వాడుకోవచ్చు. నిలబడి పేల్చడంలో అక్కడ వచ్చే నిలకడ పాయింట్ 22కి బాగా పనికొస్తుంది. తర్వాత రాష్ట్ర పోటీలు, అక్కడినుంచి జాతీయ పోటీలకు దారితీసే జి.వి. మావలంకర్ చాంపియన్‌షిప్. అప్పటికి స్కోర్లు నిలకడగా పెరుగుతుంటే, నాన్నగారు అప్పు లేకుండా పెట్టగలిగిన డబ్బుతో మొదట షూటింగ్ జాకెట్ కొనుక్కోండి. రైఫిల్ సంగతి లైసెన్స్ వయసు వచ్చాక కోచ్‌తో కలిసి తేల్చుకోవచ్చు.