నీ తప్పుల లెక్క నీ దగ్గరే ఉండాలి

చిరంజీవి అమ్మలుకి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు ఇంగ్లీషులో రాసి పంపిన పేజీ శ్రద్ధగా చదివాను. చెప్పదలుచుకున్నది తడబడకుండా చెప్పావు, చాలా సంతోషం. యూరప్‌వాళ్లు భాషాస్థాయికి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు పెట్టుకున్నారు కదా, నువ్వు ఇప్పుడు నడిమధ్య ఉన్నావు. చాలామంది ఏళ్ల తరబడి ఆగిపోయేది ఇక్కడే. తప్పున్నా ఎదుటివాళ్లకి అర్థమైపోతుంది, అందుకని ఎవరూ దిద్దరు. ఆ దిద్దే పని ఇక నువ్వే తీసుకోవాలి.

ఇంకో గ్రామర్ పుస్తకం కొనమంటావా అని అడిగావు. వద్దమ్మా. మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెడితే తెలిసినదే చదువుతూ కూర్చుంటావు. నువ్వు రాసిన పేజీయే నీకు పుస్తకం.

అందులో 'వి డిస్కస్డ్ అబౌట్ ద ప్లాన్' అని రాశావు. 'ప్లాన్ గురించి చర్చించాం' అని మనసులో అనుకుని రాస్తే ఆ 'అబౌట్' దానంతటదే వచ్చి కూర్చుంటుంది. డిస్కస్ తర్వాత అది అక్కర్లేదు, 'వి డిస్కస్డ్ ద ప్లాన్' చాలు. అదే 'డిస్కషన్' అయితే మాత్రం అబౌట్ ఉండొచ్చు. ఇంకోచోట 'ఐ హ్యావ్ ఫినిష్డ్ ఇట్ యెస్టర్డే' అన్నావు. నిన్న అని ఎప్పుడు జరిగిందో చెప్పేశాక 'హ్యావ్' కుదరదు, 'ఐ ఫినిష్డ్ ఇట్ యెస్టర్డే' అనాలి. ఎప్పుడన్నది చెప్పకుండా, పని అయిపోయిందని మాత్రమే చెప్పాలంటే అప్పుడు 'ఐ హ్యావ్ ఫినిష్డ్ ఇట్'. ఈ రెండో తప్పు నీ పేజీలో మళ్లీ మళ్లీ ఉంది, కాబట్టి ముందు దాన్నే పట్టుకో.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎడమవైపు నువ్వు రాసిన వాక్యం, కుడివైపు దిద్దిన వాక్యం, కింద అదే పద్ధతిలో నీ సొంత విషయాల మీద కొత్త వాక్యాలు రెండు. వారానికి ఒక రకం తప్పు చాలు. ఆ వారం ఏం రాసినా, పంపే ముందు ఆ ఒక్కదాని కోసమే వెతుకు. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ కంటికి ఆనదు.

ఆర్టికల్స్, అంటే పేరు ముందు వచ్చే ఏ, యాన్, ద గురించి బెంగపెట్టుకోకు, అవి కుదురుకోవడానికి చాలాకాలం పడుతుంది. లెక్కపెట్టగల వస్తువు ఒకటే ఉంటే దాని పేరు ముందు ఏ, ద, మై లాంటిది ఏదో ఒకటి ఉందా అని చూసుకో, ప్రస్తుతానికి అది చాలు. అడ్వైస్, ఇన్ఫర్మేషన్ లాంటి లెక్కపెట్టలేనివాటి పేర్లకి చివర 'ఎస్' చేర్చకు.

ఇక మాటల ఎంపిక. నాకు బాగా ఇష్టమైన సంగతి ఇది. ఏ మాటనీ ఒంటరిగా నేర్చుకోకు, దానితో జతకట్టే మాటతో కలిపి రాసుకో. వాన ఎక్కువైతే 'హెవీ రెయిన్', గాలి ఎక్కువైతే 'స్ట్రాంగ్ విండ్'. తప్పుకి 'మేక్ ఎ మిస్టేక్', హోంవర్కుకి 'డు'. ఎందుకలా అని అడిగితే జవాబు దొరకదు, వాడుక అంతే. డిక్షనరీలో అర్థం చూసి మూసేయకుండా కింద ఇచ్చిన ఉదాహరణలు చదువు. పర్యాయపదాల జాబితాలోంచి మాత్రం కళ్లు మూసుకుని మాట తీసుకోకు. సన్నగా ఉన్న మనిషిని 'స్లిమ్' అంటే మెచ్చుకున్నట్టు, 'స్కిన్నీ' అంటే చాలాసార్లు నొచ్చుకుంటారు.

ఫోన్‌లో నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే పరీక్షలు చేస్తున్నానన్నావు. చెయ్యి, కానీ ఆ నాలుగూ చేత్తో మూసేసి ముందు నీ జవాబు రాసుకో. చూసి గుర్తుపట్టడం వేరు, నీ అంతట నువ్వు రాయడం వేరు.

అన్నిటికన్నా మంచి అభ్యాసం అమెరికా రచయిత, రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో చేసినది. మంచి వ్యాసం తీసుకుని ఒక్కో వాక్యంలోని భావానికి గుర్తుగా ఒకటి రెండు మాటలు రాసుకునేవాడు. కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆ గుర్తుల నుంచి వ్యాసం మళ్లీ రాసి, అసలుతో పోల్చి తన లోపాలు దిద్దుకునేవాడు. నువ్వు ఒక్క పేరాతో మొదలుపెట్టు. అసలులో ఉన్న మాట నీకెందుకు తట్టలేదో అక్కడే తెలుస్తుంది.

వచ్చేసారి పేజీతో పాటు ఆ నోట్‌బుక్ ఫొటో కూడా పంపు. నేను దిద్దను, తప్పున్న వాక్యం పక్కన గీత మాత్రం పెడతాను. తప్పేమిటో నువ్వే కనిపెట్టి నాకు రాయి.

ఇట్లు,
మీ బాబాయి