ఇల్లు కాకినాడలో కాదండి, అమలాపురంలో చూడండి

నమస్తే అండి. యూనివర్సిటీ ఫెలోషిప్‌లో ఫైలేరియా (బోదకాలు) మీద పని, గైడ్ గారు కాకినాడలో, ఫీల్డు కోనసీమలో, జూలైలో చేరాలి, అమ్మగారినీ తీసుకొస్తున్నారు, ఇల్లు ఎక్కడ తీసుకోవాలో తేలక టెన్షన్‌గా ఉందని రాశారు.

అమలాపురంలోనే తీసుకోండి. ఫైలేరియా పిల్ల పురుగులు రక్తంలోకి ఎక్కువగా వచ్చేది రాత్రిపూటే. అందుకే రక్త నమూనాలు పొద్దుపోయాకే తీయాలి. ఆ పని ముగించుకుని యానాం వంతెన మీదుగా కాకినాడకు దాదాపు 60 కిలోమీటర్లు! నేను నాలుగు నెలలు అలా తిరిగి జబ్బు పడ్డాను. గైడ్ గారిని వారానికోసారి కలిస్తే సరిపోతుందేమో ముందే అడగండి.

ఇల్లు పై వాటా అయితే మంచిది, వానాకాలం పల్లపు వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. కిటికీలకు దోమల జాలీ ఉందా, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. తాగడానికి ఎలాగూ టిన్ను నీళ్లే. అద్దె ఒప్పందం రాయించుకోండి, హెచ్‌ఆర్‌ఏకి (ఇంటి అద్దె భత్యానికి) అడుగుతారు. మొదటి స్టైపెండ్ ఆలస్యం కావచ్చు, మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే పి.గన్నవరం వైపు లంకలకు పడవే దారి. ఆ ఊళ్లను చలికాలానికి పెట్టుకోండి. ఏ ఊరైనా ముందు పగలు ఒకసారి ఆశా కార్యకర్తతో వెళ్లి అరుగు మీద కూర్చుని మాట్లాడండి. ముఖం తెలియని మనిషికి రాత్రిపూట ఎవరూ వేలు చాపరు కదండీ.

అమ్మగారి మందుల చీటీ, పాత రిపోర్టులు మర్చిపోకండి. ఏ వీధిలో చూస్తున్నారో రాస్తే అక్కడ నీళ్లు నిలుస్తాయో లేదో చెబుతాను.