మినియేచర్ బొమ్మల మీద పాత రంగు తీయడానికి థిన్నర్ వాడొచ్చా?

వద్దండి. ప్లాస్టిక్ బొమ్మల దగ్గరికి థిన్నర్ సీసా రానివ్వకండి. మీరు రాసినదాన్ని బట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్టెలో మెటల్, ప్లాస్టిక్, రెజిన్ (ద్రవంగా ఉన్నదాన్ని గట్టిపరిచి చేసేది) బొమ్మలు కలిసి ఉన్నాయి, రంగు పొరలు మందంగా పట్టి ముఖాలూ గొలుసు కవచాలూ పూడిపోయాయి, ఇంట్లో ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగులను పలచన చేసేది) ఉంది. ఆ థిన్నర్‌లో ఉండేవి టోలీన్, ఎసిటోన్, బ్యుటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు. ప్లాస్టిక్ బొమ్మలను ఎక్కువగా చేసేది పాలిస్టైరీన్‌తో, దాన్ని ఇవన్నీ కరిగిస్తాయి. కిట్లు అతికించే ప్లాస్టిక్ సిమెంట్ పనిచేసేదీ ఇలాంటి ద్రావకాల వల్లే. రంగు ఊడేలోపే బొమ్మ ముక్కు, వేళ్లు మెత్తబడిపోతాయి. గోళ్ల రంగు తీసే రిమూవర్‌తోనూ ఇదే ప్రమాదం. ఎసిటోన్ లేదని పైన రాసి ఉన్నా లోపల తరచుగా ఇథైల్ ఎసిటేట్ ఉంటుంది, దానికీ పాలిస్టైరీన్ నిలవదు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పెయింట్ రిమూవర్ చాలావాటిలో డైక్లోరోమీథేన్ ఉంటుంది. అది ప్లాస్టిక్‌ను చూస్తుండగానే జావ చేస్తుంది, ఆ ఆవిరి మనిషికీ ప్రమాదం. ఇళ్లలో రంగు తీయడానికి దాన్ని అమ్మకూడదని అమెరికా 2019లోనే నిషేధించింది.

కాబట్టి ముందు పెట్టెలోని బొమ్మలను పదార్థాన్ని బట్టి విడదీయండి. ఆకారం చూసి నిర్ణయించుకోవద్దు. ఈ బొమ్మలు తయారుచేసే బ్రిటిష్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 2011లో చాలా మెటల్ బొమ్మలను ఫైన్‌కాస్ట్ అనే రెజిన్‌లోకి మార్చింది, అంటే ఒకే శిల్పం రెండు పదార్థాల్లోనూ మీ చేతికి రావచ్చు. మెటల్‌ది చేతిలోకి తీసుకోగానే బరువుతోనే తెలుస్తుంది. మిగిలినవాటిని కాళ్ల కింద, బేస్‌కు (బొమ్మ నిలబడే పీఠానికి) అతికే చోట బ్లేడుతో కొద్దిగా గీకండి. పాలిస్టైరీన్ సన్నటి చుట్టలా లేస్తుంది, రెజిన్ పొడిలా రాలుతుంది, బోర్డ్ గేమ్‌లలో వచ్చే పీవీసీ రబ్బరులా వంగుతుంది. అనుమానం తీరకపోతే దూదిపుల్ల ఎసిటోన్‌లో ముంచి అదే చోట తాకించండి. కొన్ని సెకన్లలో జిగట పడితే అది పాలిస్టైరీన్ అనుకోవచ్చు.

ఎక్కువ భాగం పనికి నేను వాడేది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అందరూ ఐపీఏ అనేది. మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మేచోట, ల్యాబ్ కెమికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 70 శాతంది కూడా పనిచేస్తుంది, కానీ నీరు ఎక్కువయ్యేకొద్దీ రంగు పొరలోకి దిగే వేగం తగ్గిపోతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ అసలే వద్దు. దానిలోని చిక్కదనం ఇచ్చే పదార్థం, గ్లిజరిన్ ఇరుకు సందుల్లో మిగిలిపోతాయి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ అత్యవసరానికి పనికొస్తుంది గానీ కొన్నిటిలో నూనెలాంటివి కలుపుతారు, తర్వాత సబ్బుతో బాగా కడగాలి.

ఐపీఏ ఆక్రిలిక్ రంగును పూర్తిగా కరిగించదు. పొర లోపలికి చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది, అడుగున పట్టు వదిలిస్తుంది. మిగతా పని బ్రష్‌ది. ఇది గుర్తుంటే చాలా పొరపాట్లు జరగవు. మూతబిగిసే గాజు సీసా తీసుకుని బొమ్మలు మునిగేదాకా పోయండి. 28 నుంచి 32 మిల్లీమీటర్ల బొమ్మలు ఎనిమిదింటికి 250 మి.లీ. సరిపోతుంది. తమియా ఆక్రిలిక్‌లు పది నిమిషాల్లోనే వదులుతాయి. వల్లేహో, సిటడెల్ రంగులకు అరగంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. మన దగ్గర చాలామంది వాడే క్యామెల్, ఫెవిక్రిల్ ఆక్రిలిక్‌లు మందంగా వేసి ఉంటే పొరలు పొరలుగా తొక్కలా లేచి వస్తాయి, అది మంచిదే. పైన వార్నిష్ కొట్టి ఉంటే మాత్రం ఒక రాత్రి నానాల్సి రావచ్చు.

ఒకేసారి రోజులతరబడి నానబెట్టడం కంటే అరగంట నానబెట్టి తోమి, మళ్లీ అరగంట నానబెట్టి తోమడం మేలు. పైపొర మెత్తబడి అక్కడే ఉండిపోతే అడుగు పొరకు ఆల్కహాల్ సరిగా అందదు. తోమేటప్పుడు బొమ్మను తడిగానే ఉంచండి, పక్కన ఒక గిన్నెలో కొత్త ఐపీఏ పెట్టుకుని మధ్యమధ్యలో ముంచుతూ ఉండండి. చాలామందికి పని చెడేది ఇక్కడే. మెత్తబడిన రంగును బొమ్మ మీదే ఆరనిస్తే అది కరిగి పారి కళ్ల గుంటల్లో, బొచ్చు గీతల్లో చేరి మళ్లీ గట్టిపడుతుంది. అప్పుడు మొదటికంటే ఎక్కువ శ్రమ. మెత్తటి టూత్‌బ్రష్ వాడండి, గట్టి నైలాన్ పళ్లు పాలిస్టైరీన్ మీద గీతలు పెడతాయి. ఇత్తడి తీగల బ్రష్ మెటల్ బొమ్మలకు కూడా వద్దు, వాటిని పోసే వైట్ మెటల్ అనే మిశ్రమ లోహం చాలా మెత్తన. పళ్ల సందులు తోముకునే ఇంటర్‌డెంటల్ బ్రష్, కొన చెక్కిన టూత్‌పిక్, ఈ రెండే సందుల్లో అసలు పనిముట్లు. కత్తి మొన, సూది పెట్టి గీకితే రంగుతోపాటు శిల్పమూ పోతుంది.

ఐపీఏ ఫ్లాష్ పాయింట్ దాదాపు 12 డిగ్రీలు. అంటే మన ఊళ్ల ఏ కాలపు గది వేడిలోనైనా దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. వంటింట్లో, దీపం, అగరుబత్తి, దోమల చుట్ట వెలిగే గదిలో ఈ పని పెట్టుకోకండి. త్వరగా వదులుతుందని వేడి చేయకండి, అల్ట్రాసోనిక్ క్లీనర్ తొట్టెలో పోయకండి. ఆ మెషిన్ ఉంటే చివర్లో సబ్బు నీళ్లతో కడగడానికి వాడుకోండి. నైట్రైల్ గ్లవ్స్ సరిపోతాయి. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి, ఎందుకంటే బ్రష్ పళ్లు వంగి విడిచినప్పుడు తుంపరలు ఎగిరేది నేరుగా ముఖం మీదికే.

ఐపీఏ దొరకకపోతే రెండో దారి డెటాల్. గాయాలకు వాడే ముదురు రంగు యాంటీసెప్టిక్ ద్రవమే, సబ్బు కాదు, ఫ్లోర్ క్లీనర్ కాదు. ఇంగ్లండ్‌లో వార్‌గేమ్ (బల్ల మీద ఆడే యుద్ధం ఆట) బొమ్మలకు రంగులేసేవాళ్లు ఏళ్లుగా వాడుతున్న పద్ధతి ఇది. దాన్లోని క్లోరోజైలినాల్, పైన్ నూనెకు చెందిన టెర్పినియోల్, ఆల్కహాల్ కలిసి ఆక్రిలిక్‌ను మెత్తబరుస్తాయి, పాలిస్టైరీన్‌కు సాధారణంగా హాని ఉండదు. నీళ్లు కలపకుండా పోసి, ఒక పూట నుంచి ఒక రోజు దాకా ఉంచండి. తోమేటప్పుడు కూడా నీళ్లు తగలకూడదు. నీరు తగిలిందంటే డెటాల్ మజ్జిగలా తెల్లబడుతుంది కదా, అప్పుడు నూనె భాగం విడిపోతుంది, మెత్తబడిన రంగు దానితో కలిసి బంకలా బొమ్మకూ బ్రష్‌కూ అంటుకుంటుంది. అందుకని డెటాల్‌లోనే తోమి, శుభ్రమైన డెటాల్‌తో ఒకసారి జాలించి, నేరుగా గిన్నెలు తోమే లిక్విడ్ రాసి రుద్ది, ఆ తర్వాతే నీళ్ల కింద పెట్టండి. బంక పట్టేస్తే మళ్లీ డెటాల్‌లో ముంచడమే మార్గం. వాసన రోజులతరబడి ఉంటుంది, చర్మం మండుతుంది, ఇంట్లో పిల్లి ఉంటే ఈ పద్ధతే మానుకోండి, క్లోరోజైలినాల్ పిల్లులకు విషం.

మెటల్ బొమ్మలు అన్నిటికంటే సులువు. వాటికి ఎసిటోన్ హాయిగా వాడుకోవచ్చు, ఎనామెల్‌నూ (నూనె ఆధారిత రంగు) స్ప్రే ప్రైమర్‌నూ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కూడా లేపేస్తుంది, సూపర్ గ్లూ అతుకులనూ విప్పేస్తుంది. కానీ ముందే ప్లాస్టిక్ బేస్, ప్లాస్టిక్ డాలు, ఎపాక్సీ పుట్టీతో చేసిన మార్పులు ఉన్నాయేమో చూడండి. బేస్ తీయడానికి డీప్ ఫ్రిజ్‌లో గంటో రెండు గంటలో పెట్టి మెలితిప్పితే సూపర్ గ్లూ పెళుసై టక్కున విడుతుంది. ప్లాస్టిక్ సిమెంట్ అతుకుకు ఇది పనిచేయదు, అక్కడ రెండు ముక్కలూ కరిగి ఒకటైపోయాయి. ఎసిటోన్ నైట్రైల్ గ్లవ్స్‌లోంచి త్వరగా దిగుతుంది, మధ్యలో మార్చుకోండి. ఐపీఏ కంటే తేలిగ్గా దానికి నిప్పు అంటుకుంటుంది కూడా.

1990ల మధ్యకు ముందు వచ్చిన మెటల్ బొమ్మల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. గీకినప్పుడు వచ్చే పొడి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి, తర్వాత చేతులు కడుక్కోండి. వాటిని వెనిగర్‌తో శుభ్రం చేయమని ఎవరైనా చెబితే వినకండి. సీసానికి ఎసిటిక్ ఆమ్లం పడదు, తెల్లటి పొడి పట్టి లోహమే తినేయబడుతుంది. ఇక కాస్టిక్ సోడా గురించి కూడా చెబుతారు. హాట్ వీల్స్ లాంటి కార్ల జింక్ మిశ్రమ లోహాన్ని, అల్యూమినియాన్ని అది తినేసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. బొమ్మల కోసం ఆ ప్రమాదం అక్కర్లేదని నా అభిప్రాయం.

రెజిన్‌లో రెండు రకాలు. అచ్చులో పోసిన పాలీయురేథేన్ రెజిన్ ఐపీఏకు గంటో రెండు గంటలో ఓర్చుకుంటుంది, రాత్రంతా వద్దు. త్రీడీ ప్రింటర్‌లో తీసిన రెజిన్ అయితే ఇంకా జాగ్రత్త, పది నిమిషాలు ముంచడం, తోమడం, ఆరబెట్టడం, అంతే. ఎక్కువసేపు నానితే ఉబ్బి, ఆరేటప్పుడు సన్నటి కత్తులూ వేళ్లూ పగుళ్లిస్తాయి. పీవీసీకీ తక్కువ సేపే, ఎసిటోన్ దానికి అసలే పడదు. మీ పెట్టెలో విమానాల కిట్లు కూడా ఉంటే పారదర్శకమైన అద్దం భాగాలు ముందే విడదీయండి, ఐపీఏలో వాటి మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు రావచ్చు.

ఐపీఏకు లొంగనిది ప్లాస్టిక్ మీద వేసిన ఎనామెల్. గాలిలోని ఆక్సిజన్‌తో అది అల్లుకుని గట్టిపడే రంగు, ఆల్కహాల్‌కు ఉబ్బదు. పాత మోడలర్లు దీనికి బండి స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్‌లో ఒక రాత్రి ఉంచి, సబ్బు నీళ్లతో కడిగేవాళ్లు. పాలిస్టైరీన్ మీద పనిచేస్తుంది, రెజిన్‌కు వద్దు. డాట్ 5 సిలికోన్, దానితో ఏమీ జరగదు. ముందు ఒక పనికిరాని ముక్క మీద చూసుకోండి.

ఎంతవరకు తీయాలి? శిల్పం గీతలు పదునుగా కనబడితే చాలు. కారు స్ప్రేతో వేసిన ప్రైమర్ పలచగా, నున్నగా అంటుకుని ఉంటే వదిలేయండి, దాని మీదే కొత్త ప్రైమర్ పడుతుంది. ఎరుపు, నలుపు మరకలు ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయినా నష్టం లేదు. పక్కనుంచి టార్చ్ వేసి చూడండి, నీడలో మిగిలిన ముద్ద కనబడితే అక్కడ మాత్రమే మళ్లీ తోమండి. చివరగా గోరువెచ్చని నీళ్లలో గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడిగి, ఒక రోజు ఆరనివ్వండి. మరిగే నీళ్లు పోస్తే ఈటెలు వంగిపోతాయి.

వాడిన ఐపీఏ పారబోయకండి. రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పై తేట కాఫీ ఫిల్టర్‌లో వడకడితే మళ్లీ నాలుగైదు సార్లు పనికొస్తుంది. మడ్డిని నిప్పుకు దూరంగా ఆరుబయట పూర్తిగా ఎండనిచ్చి, మీ ఊళ్లో పెయింట్ డబ్బాలు ఏ చెత్తలో వేయమంటారో అందులోనే వేయండి. సింక్‌లో పోస్తే అదే రంగు పైపులో గట్టిపడుతుంది.